ఫ్యాను మింగిన మాట

మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం. బడి వార్షికోత్సవానికి వీడియో తీయమని అయ్యవారు చెబితే, మా అవ్వ పాడే ఇసుర్రాయి పాట తీద్దామనుకున్నాను.

గది మూల నుంచి ఫోనులో తీశాను. బొమ్మ బాగా వచ్చింది. పాట మాత్రం ఫ్యాను మోతలో కలిసిపోయింది. అయ్యవారు విని, "బొమ్మ దూరం నుంచి తీయొచ్చురా, మాటను దగ్గర నుంచే పట్టుకోవాల" అన్నారు.

రెండోసారి ఫ్యాను ఆపాను. నాన్న ఫోనును రికార్డరుగా, రాతికి ఎడంగా, అవ్వ నోటికి మూరెడు దూరంలో స్టూలు మీద పెట్టాను. నా ఫోనుతో వీడియో తీశాను. మొదట ఒక్క చప్పట కొట్టాను. వీడియోలో చేతులు కలిసిన చోటికి ఆ శబ్దాన్ని చేర్చితే, పాటా పెదవులూ కుదురుతాయి. చివర అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉత్త గదిని రికార్డు చేశాను. కత్తిరించిన చోట అతుకు తెలియకుండా అది కప్పుతుంది.

అయితే ఈసారి అవ్వ ఒక చరణం మరిచిపోయింది. "వయసైపోయె నాయనా, గుర్తుకు రాలే" అనింది. ఆ చరణం మొదటి రికార్డులోనే ఉంది. అమ్మా నేనూ ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని, పదేపదే విని రాసుకున్నాం. ఒక్క మాట మాత్రం ఎంత విన్నా తెలియలేదు. అక్కడ ఖాళీ వదిలాం.

ఇప్పుడు ఎక్కడ రికార్డు చేసినా, మొదట ఫ్యాను ఆపుతాను.