హలో బ్రదర్ మీద నేను రాసిన సమీక్ష

1994లో 'హలో బ్రదర్' సినిమా పాటల మీద ఒక చిన్న మాసపత్రికకు సమీక్ష రాశాను. ఆ పాటల్లో చప్పుడు తప్ప సంగీతం లేదని రాశాను. పాటకు కింద ఆధారం లేదని, పైన టిక్కుటిక్కుమంటూ ఒక యంత్రం మాత్రం నడుస్తూ ఉంటుందని, మధ్యలో బాలు, చిత్ర తమ గొంతులతో దాన్ని మోసుకుపోతున్నారని రాశాను. అచ్చులో చూసుకుని సంతోషపడ్డాను కూడా. ఆ మాటలు రాసేనాటికి ఆ పాటల్లో దాదాపు సగం నా చెవిదాకా రానేలేదన్న సంగతి నాకు తెలియదు. తెలిసిన తర్వాత కూడా చాలా కాలం ఆ విషయం ఎక్కడా రాయలేదు. ఈ రెండోది మొదటిదానికంటే పెద్ద తప్పు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో దువ్వూరులో లెక్కల అయ్యోరుగా ఉండేవాణ్ని. కడప నుంచి కర్నూలు పోయే రోడ్డులో మైదుకూరు దాటాక వచ్చే ఊరు. కె.సి. కాలువ కింద వరి, పసుపు పండే నేల. కొత్త సినిమా చూడాలంటే ప్రొద్దుటూరికి పోవాలి, కొత్త క్యాసెట్ కొనాలన్నా అక్కడికే. హార్మోనియం మీద నాలుగు కీర్తనలు వాయించగలను, పాత పాటల రాగాలు గుర్తుపట్టగలను. ఆ కాస్త విద్యతోనే పత్రికకు పాటల మీద రాయడం మొదలుపెట్టాను. చుట్టుపక్కల అలా రాసేవాళ్లు లేకపోవడంతో నా మాటకు విలువ ఉండేది.

ఆ సినిమాకు సంగీతం ఇచ్చిన రాజ్–కోటి గురించి నాకు ముందునుంచీ ఒక అభిప్రాయం ఉండేది. రాజ్ అంటే తోటకూర సోమరాజు, 'పాండురంగ మహత్యం', 'శ్రీకృష్ణ పాండవీయం' సినిమాలకు సంగీతం ఇచ్చిన టి.వి. రాజు గారి కొడుకు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, 'మల్లీశ్వరి' రాజేశ్వరరావు గారి కొడుకు. ఇద్దరూ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పనిచేసి, 1980ల్లో జంటగా బయటికి వచ్చారు. 'యముడికి మొగుడు' నుంచి 'ముఠామేస్త్రి' దాకా వాళ్ల పాటలు ఊళ్లను ఊపేశాయి. నేను మాత్రం ప్రతి పాటలోనూ తండ్రుల కోసం వెతికేవాణ్ని. దొరక్కపోతే కొడుకుల లోపం కింద రాసుకునేవాణ్ని. 'హలో బ్రదర్' సమీక్షలోనూ సాలూరి వారి ఇంట్లో ఇలాంటి మోత పుట్టడం విచారకరమని ఒక వాక్యం పెట్టాను.

ఆ వాక్యం చరిత్ర ప్రకారం కూడా నిలవదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. 1948లో జెమినీ వాళ్ల 'చంద్రలేఖ'కు సంగీతం ఇచ్చింది రాజేశ్వరరావు గారే. పెద్దపెద్ద నగారాల మీద నాట్యం చేసే ఘట్టం ఉన్న సినిమా అది. దాని సంగీతంలో కర్ణాటకం, హిందుస్తానీలతో పాటు పాశ్చాత్య వాద్యగోష్ఠి, లాటిన్ అమెరికా లయలు కూడా కలిసి ఉంటాయి. తండ్రి తన కాలంలో దొరికిన ప్రపంచాన్నంతా తెచ్చుకుని వాడుకున్నాడు. కొడుకు అదే పని చేస్తే నేను వంశానికి మచ్చ అన్నాను. 'మల్లీశ్వరి' ఒక్కటే గుర్తుపెట్టుకుని 'చంద్రలేఖ'ను మరిచిపోయిన వాడికి పరంపర గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది?

అయితే అసలు పొరపాటు చరిత్రది కాదు, చెవిది. నా దగ్గర ఉన్నది ఒకే స్పీకరున్న చిన్న టేప్‌రికార్డర్. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ దానిమీదే అన్ని పాటలూ వినేవాణ్ని. లెక్కలు చెప్పేవాణ్ని కాబట్టి ఈ లెక్క నాకు ముందే తట్టి ఉండాల్సింది. బేసు గిటారు అడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అరచేయంత కూడా లేని స్పీకరు 150కి దిగువన ఉన్న కంపనాలను సరిగా పలికించలేదు. పాత పాటల్లో తబలా, వేణువు, వయొలిన్ అన్నీ దానికి పైనే ఎక్కువగా ఉంటాయి గనుక వాటికి ఆ పెట్టె సరిపోయింది. తీగల బేసు వాయిస్తే వేలు గీరుకున్న చప్పుడైనా పైకి వినిపిస్తుంది. సింథసైజర్ బేసు నున్నగా ఉంటే ఆ గుర్తు కూడా మిగలదు. దాంతో రాజ్–కోటి పాటలో నాకు అందింది గొంతూ, పైన ఆడే హై-హ్యాట్ టిక్కులూ మాత్రమే. కింద ఆధారం లేదని రాశానే, ఆ ఆధారాన్ని నా టేప్‌రికార్డర్ వడగట్టేసింది.

ఈ సంగతి నాకు తెలియజెప్పింది ఊళ్లో మైకుసెట్టు నడిపే ఒకాయన. ఆ ఏడాది వినాయక చవితి పందిట్లో హారన్ మైకులు తీసేసి కొత్తగా తెచ్చిన పెద్ద బాక్సులు పెట్టాడు. నేను ఆ దోవన పోతుంటే పిలిచాడు. "అయ్యోరా, మీరు రాసింది మా పిల్లోడు చదివి చెప్పినాడు. పాటకు కింద ఏమీ లేదని రాసినారంట. ఒకతూరి ఈ బాక్సు కాడ నిలబడండి" అన్నాడు. మాటలో ఎక్కడా ఎగతాళి లేదు. ఆయనకు ఆ పాటలంటే ప్రాణం, నాకు అందలేదేమోనని బాధపడ్డాడు, అంతే. క్యాసెట్ వేశాడు. వినపడ్తాండాదా అని అడిగాడు.

వినపడింది. గొంతు ఆగిన చోటల్లా బేసు మాట్లాడుతోంది. పల్లవిలో గాయకుడు సాగదీసిన స్వరం కింద బేసు రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కింది. ఆ దిగడంతో పైనున్న స్వరం అర్థమే మారింది. టిక్కులని నేను తీసిపారేసినవి ఆ బేసు వదిలే ఖాళీలను కొలిచి మరీ నింపుతున్నాయి. 'ప్రియరాగాలే' లాంటి నెమ్మది పాటలో కూడా కింద ఆ కదలిక ఉంది. నేను ఒంటి రాగంగా విన్నది నిజానికి మూడు నాలుగు వరుసలు ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ నడిచే అల్లిక.

ఆ పద్ధతికి పేరుందని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. 1960ల్లో అమెరికాలో జేమ్స్ బ్రౌన్, ఆయన బృందం తాళంలో మొదటి దెబ్బ మీద బరువు వేసి, మిగతా దెబ్బల సందుల్లో బేసునూ గిటారునూ ఆడించారు. దాన్ని ఫంక్ అన్నారు. మన తాళంలో సమం మీద వాలడం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. వాలడానికీ వాలడానికీ మధ్య ఏం జరుగుతుందన్నదే ఇందులో విద్య. 1980లో రోలాండ్ కంపెనీ టి.ఆర్-808 అనే డ్రమ్ యంత్రం వచ్చింది. 1982లో 'ప్లానెట్ రాక్' అనే పాటతో ఆఫ్రికా బంబాటా దాన్ని అమెరికా వీధుల్లో మోగించాడు. జాప్ అనే బృందంలో రోజర్ ట్రౌట్‌మన్ నోట్లో గొట్టం పెట్టుకుని సింథసైజర్‌తో మాటలు పలికించాడు. ఫంక్‌ను యంత్రాల మీద వాయించే ఈ తీరే ఎలక్ట్రో-ఫంక్. 1983లో యమహా డి.ఎక్స్-7 వచ్చాక ఆ తరం కీబోర్డులు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలోకీ చేరాయి. రాజ్–కోటి ఎవరి పాటలు విన్నారో చెప్పే పని నాది కాదు. ఆ యంత్రాలతో ఏం చేయొచ్చో వాళ్లకు బాగా తెలుసన్నది మాత్రం ఆ బాక్సు దగ్గర నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

ఆ రాత్రే పత్రికకు ఉత్తరం రాసి ఉండాల్సింది. రాయలేదు. పెద్ద బాక్సుల మీద ఏ పాటైనా బాగానే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 'హలో బ్రదర్'కు నంది అవార్డు వచ్చినప్పుడు కూడా, సినిమా ఆడింది కాబట్టి ఇచ్చి ఉంటారని నలుగురిలో అన్నాను. మైకుసెట్టాయన ముందు మాత్రం ఆ మాట అనలేకపోయాను. నాకు నిజం తెలుసని ఆయనకు తెలుసు.

తర్వాత జంట విడిపోయింది. ఇంకో వ్యాసం రాశాను. మాధుర్యమంతా కోటిది, మోతంతా రాజ్‌ది, ఇక ఎవరి సంగతి ఏమిటో తేలుతుంది అని అందులో తీర్పు చెప్పాను. నేను ఏ రికార్డింగ్‌కూ పోలేదు, ఇద్దరిలో ఎవరినీ కలవలేదు. జనం అనుకునే మాట ఒకటి విని, దానికి విమర్శ వేషం వేశాను. 1995లో 'సిసింద్రీ' వచ్చింది. సంగీతం రాజ్ ఒక్కడిదే. అందులో 'చిన్ని తండ్రి' పాట విన్నవాళ్లెవరూ ఆయనకు మాధుర్యం తెలియదని అనలేరు. 1997లో చిరంజీవి 'హిట్లర్' వచ్చింది. సంగీతం కోటి. 'అబీబీ' పాటలో యంత్రాల లయ పాత జంట పాటల కంటే ముందుకు పోయింది. నేను గీసిన గీత రెండువైపులా చెరిగిపోయింది. జంటగా చేసిన పనిని ఇద్దరి మధ్య పంచి చూపించాలన్న ఆత్రం విమర్శకుడికి ఎందుకు వస్తుందో ఆలోచించాను. పనిని వినడం కంటే మనుషులకు మార్కులు వేయడం తేలిక. నా ఉద్యోగం వల్ల అది అలవాటైంది కూడా.

అన్నిటికంటే నన్ను కలతపెట్టింది ఇంకొకటి. 'హలో బ్రదర్'ను కొట్టిపారేయడానికి ముందు మణిరత్నం సినిమా 'రోజా' పాటలను అదే పత్రికలో ఆకాశానికెత్తాను. కొత్త శబ్దం, ఇంతకుముందు మనకు లేని స్వచ్ఛత, ఇలా ఎన్నో రాశాను. ఎ.ఆర్. రెహమాన్ మీద ఆ మాటలు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఆయన దిలీప్ అన్న పేరుతో ఉన్న రోజుల్లో రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించాడని తర్వాత చదివాను. 'యముడికి మొగుడు' తరం పాటలు తయారైన ఆ థియేటర్లలోనే ఆ కుర్రవాడు తిరిగాడు. మణిరత్నం పేరున్న అట్ట మీద కనిపించిన కొత్తదనానికి చేతులు జోడించాను. అదే యంత్రాల మీద అంతకుముందే పని చేస్తున్న ఇద్దరు తెలుగువాళ్లను మాస్ సినిమా అట్ట చూసి తక్కువ చేశాను. అంటే చెవి ఒక్కటే కాదు, కళ్లూ నాకు అడ్డుపడ్డాయి.

ఇలా జరగడం మన దగ్గరే కాదు. మా అక్క కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. వాడి కార్లో నాకు క్రోమియో అనే జంటను వినిపించాడు. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన చిన్ననాటి స్నేహితులిద్దరు, ఒకరిది లెబనాన్ మూలం, ఇంకొకరిది యూదు కుటుంబం. 2004లో 'షీ ఈజ్ ఇన్ కంట్రోల్', 2007లో 'ఫ్యాన్సీ ఫుట్‌వర్క్' అనే ఆల్బమ్‌లు తెచ్చారు. నోట్లో గొట్టం పెట్టుకుని పాడించే ఆ పాత విద్యతో సహా 1980ల ఎలక్ట్రో-ఫంక్‌నే పట్టుకున్నారు. వీళ్లు నిజంగా ఆ సంగీతాన్ని ప్రేమిస్తున్నారా, లేక ఆ కాలాన్ని వెక్కిరిస్తున్నారా అన్న సందేహం చాలామంది విమర్శకులను వెంటాడింది. నవ్వించే పాట గనుక లోతు ఉండదని అనుకోవడం, మాస్ పాట గనుక సంగీతం ఉండదని నేను అనుకున్నట్టే. వాళ్ల 2018 నాటి 'హెడ్ ఓవర్ హీల్స్' రికార్డింగ్ నాణ్యత విభాగంలో గ్రామీ నామినేషన్ దాకా పోయింది. ఆ కారు స్పీకర్లలో బేసు నా కాళ్ల కిందికి వచ్చినప్పుడు నాకు దువ్వూరు బాక్సులు గుర్తొచ్చాయి. "ఇలాంటి పని మనవాళ్లు ఎప్పుడో చేశారు, నేనే కాదన్నాను" అని వాడికి చెప్పాను. నమ్మలేదు. ఫోన్లో 'హలో బ్రదర్' పెట్టించాను. "మామా, ఇది నిజంగా 1994దేనా?" అన్నాడు.

2023 మే 21న రాజ్ హైదరాబాద్‌లో పోయారు. ఆ వారమే ఒక పరిచయస్తుడు ఫోన్ చేసి, జంటలో రాజ్ వాటా ఏమిటో రాసిపెట్టమన్నాడు. పంచను అన్నాను. పాటలో నాకు వినపడేదాన్ని మాత్రం రాస్తానన్నాను. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని 'యముడికి మొగుడు' నుంచి మొదలుపెట్టాను. పాటకొక కాగితం. మొదటి చుట్టులో గొంతు వినను, బేసు ఒక్కటే పట్టుకుని స్వరాలు రాసుకుంటాను. రెండోసారి లయ యంత్రం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మనిషి వాయించిన డోలక్ దానితో కలుస్తుందో గుర్తిస్తాను. ఎడమ చెవికి ఏది వస్తోందో, కుడి చెవికి ఏది వస్తోందో చూస్తాను. గాయకుల దగ్గరికి చివర్లో వస్తాను. అలా రాస్తూపోతే కాగితాలు పెరిగాయి. ఎక్కడా అవి నా పాత సమీక్షతో కలవవు.

ఆ పాత సమీక్ష కత్తిరింపు దాచి ఉంచాను, ఈ కాగితాలతో కలిపే అచ్చుకు ఇవ్వాలని ఉంది. ఒక పని మాత్రం ఇంకా మిగిలింది. క్యాసెట్ అట్ట మీద నటులుంటారు, గాయకులుంటారు, రచయిత ఉంటాడు, సంగీతం రాజ్–కోటి అని ఉంటుంది. ఆ బేసును కీబోర్డు మీద వాయించిన వేళ్లు, రిథమ్ గిటారు కొట్టిన చేతులు, డోలక్ కళాకారులు, యంత్రంలో లయను ఒక్కొక్క దెబ్బగా కూర్చినవాళ్లు ఎక్కడా లేరు. నేను లేదన్న నేలను పరిచింది వాళ్లే. ఆ రోజుల్లో మద్రాసు థియేటర్లలో వాయించినవాళ్లు ఇంకా ఉన్నారు. మొన్న ఒక పాత గిటారు కళాకారుడి ఫోన్ నంబరు దొరికింది. వచ్చే నెల చెన్నై పోతున్నాను.