ఊపిరి బిగబట్టాల్సిందే!

జపాన్‌లోని కనజావా వెళ్లినవాళ్లు బంగారం ముందు ఊపిరి బిగబట్టాల్సిందే. అక్కడి బంగారు రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు మరి! గాలి తగిలితే ఎగిరిపోతుంది. ఆ దేశంలో తయారయ్యే రేకులో దాదాపు 99 శాతం ఈ నగరానిదే. తేమగాలి వల్ల రేకులు స్థిరవిద్యుత్తుతో ముడుచుకుపోవు.

దాన్ని అతికించడం పర్యాటకులకూ నేర్పుతారు. చెక్కపెట్టె మూతమీద బొమ్మ చుట్టూ టేపు అంటించి, జిగురు పల్చగా రాసి, రేకు పరిచి, దూదితో మెల్లగా అద్దాలి. టేపు లాగేస్తే బొమ్మ ధగధగలాడుతుంది.

అతికించడం తేలికే. కానీ చేతికాగితాల మధ్య పెట్టి రేకును సాగగొట్టే పాత విద్య ఏళ్లతరబడి నేర్చుకుంటేగానీ పట్టుబడదు. 2020లో యునెస్కో జాబితాకెక్కినా, అది తెలిసినవాళ్లు కొద్దిమందే. అందుకే ఆ పెట్టెలో దాచే నగలకన్నా మూతే విలువైంది!