యార్క్ కంటే ముందు పానగల్లు

మా ఆయనకు ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంకో పన్నెండు రోజుల్లో ఫ్లైటు. నా బీఈడీ పరీక్షలు అయ్యేదాకా నేను ఇక్కడే. ఆఫర్ లెటర్ వచ్చిన కాణ్ణుంచి ఫోన్ తీస్తే యార్కే. ఊరి చుట్టూ పాతకాలం కోటగోడ ఉందట, దాని మీద మూడు కిలోమీటర్లకు పైగా నడవొచ్చట. "నువ్వొచ్చిన మొదటి ఆదివారం ఆ గోడ మీద నడుద్దాం" అంటడు.

"ముందు మీ ఊరు చూపియ్యి" అన్నా. పెండ్లయి పద్నాలుగు నెలలు. నల్లగొండలో నేను చూసింది బస్టాండు, క్లాక్ టవరు, బట్టల షాపులు. అంతే.

అట్ల ఒక ఆదివారం పొద్దున్నే బండి తీసినం. అత్తమ్మ సర్వపిండి డబ్బాలో పెట్టిచ్చింది. (అత్తమ్మ ముందు ఆయన్ని "మీరు" అంటా, బండెక్కినంక "నువ్వు". మీ ఇంట్లో కూడా ఇంతేనా?)

పానగల్లు టౌను నుంచి నాలుగు కిలోమీటర్లే ఉంటది. ఇప్పుడు చూస్తే మామూలు ఊరు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో కందూరు చోళులకు ఇదే రాజధాని. ముందు పచ్చల సోమేశ్వరాలయానికి పోయినం. నల్లరాతి స్తంభాలు అద్దాల లెక్క మెరుస్తున్నయి. గోడల మీద రామాయణ, భారత కథలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కిన్రు. మా ఆయన వాటిని కామిక్ బుక్కు చదివినట్టు ఒక చివర నుంచి మొదలుపెట్టిండు. గంట పట్టింది. పక్కనే మ్యూజియం. చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు, శాసనాలు అందులో ఉన్నయి. అది తొందరగనే చూసినం, ఎందుకంటే నాకు అసలు చూడాల్సింది ఛాయా సోమేశ్వరం.

అది ఊరికి కొంచెం దూరంగా, పొలాల మధ్యన. మూడు గర్భగుళ్లు, మధ్యల ఒకటే మండపం. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ. పొద్దున పోయినా, సాయంత్రం పోయినా నీడ అక్కడే ఉంటది. సూర్యుడు తిరుగుతడు, అది తిరగదు.

ఏ స్తంభం నీడనో కనిపెడతా అని మా ఆయన ఒక్కో స్తంభం పక్కన నిలబడ్డడు. ఆయన నీడ గోడ మీదికి రాలేదు, ఆ నీడ కదల్లేదు. నేను నవ్వుతా ఉన్నా. ఫిజిక్స్ తెలిసినవాళ్లు చెప్పే మాట ఏందంటే, అది ఒక్క స్తంభం నీడ కాదు. మండపంలోకి వెలుతురు వేరే వేరే దిక్కుల నుంచి వస్తది. స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి పడి, ఒక్కటే నీడ లెక్క నిలుస్తయి. కరెంటు లేని కాలంలో ఎవరో ఇదంతా లెక్క కట్టి రాళ్లు నిలబెట్టిన్రు. మీరు పోతే ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ఫ్లాష్ వేస్తే నీడ పోతది, మేము మూడు ఫొటోలు అట్లనే పాడు చేసుకున్నం.

"మీ మహబూబ్‌నగర్‌ల ఇసొంటిది ఉందా?" అన్నడు.

"మా పిల్లలమర్రి ఏడొందల ఏండ్ల చెట్టు. దాని నీడల ఊరంతా కూసోవచ్చు."

"మీ చెట్టుకు సెలైన్ ఎక్కించిన్రు కదా!"

నిజమే. 2017 చివర్లో కొమ్మ విరిగి పడితే జనాన్ని ఆపేసిన్రు. తర్వాతి ఏడాది చెదలు చంపడానికి మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు కట్టిన్రు. చెట్టు బతికింది. ఆ సంగతి ఆయనకు గుర్తు చేసినా.

మధ్యాహ్నం ఉదయసముద్రం కట్ట మీద కూసొని సర్వపిండి తిన్నం. పేరు సముద్రమే గానీ చెరువు. ఉదయ చోళుడి పేరు మీద వచ్చింది. ఇప్పుడు సాగర్ వెనక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు కాలువల ఇందులోకి వస్తయి, ఇక్కడి నుంచి తాగునీళ్లకు పోతయి.

నీళ్లు చూస్తా చాలాసేపు ఆయన మాట్లాడలే. తర్వాత అన్నడు, "అమ్మ చిన్నప్పుడు ఈ నీళ్లు లేవు."

అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఇక్కడి రాళ్ల నుంచి ఫ్లోరైడ్ భూమిలోని నీళ్లలోకి దిగుతది. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినోళ్ల పళ్లు గోధుమరంగు అయితయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతయి. అత్తమ్మకు పళ్లతోనే ఆగింది. మా పెండ్లి ఆల్బమ్‌ల ఆమె నవ్విన ఫొటో ఒక్కటి లేదు. ప్రతి దాంట్లో నోటికి కొంగు అడ్డం. సిగ్గేమో అనుకున్న నేను ఇన్ని రోజులు.

ఇంటికొచ్చేసరికి పొద్దు గూకింది. అత్తమ్మ ఫోన్ తీసుకుని రెండు వేళ్లతో పెద్దగ చేసి చూసింది.

"నీడ ఏదిరా? చీకటే ఉన్నది!"

నాలుగో ఫొటో చూపిస్తే, "ఆ... శివరాత్రికి మా అమ్మ తోలుకపోయింది నన్ను. గిట్లనే ఉండె" అన్నది.

మా ఆయన సెల్ఫీకి చెయ్యి చాపిండు. ఆమె చెయ్యి అలవాటుగ కొంగు మీదికి పోయింది.

"కొంగు తియ్యమ్మా. అక్కడ నేను చూసుకునేది ఈ ఫొటోనే."

కాసేపు నా మొహం చూసింది. తర్వాత కొంగు వదిలేసింది. ఫొటో కొంచెం షేక్ అయింది గానీ, ఆయన వాట్సాప్ డీపీ ఇప్పటికీ అదే.