గంజి వార్చని పాస్తా!

మెనూ కార్డుని కుడివైపు నుంచి ఎడమవైపుకి చదివే అలవాటు మీలో ఎందరికుందో నాకు తెలీదు. నాకు మాత్రం ఉంది. ముందు రేటు, తరవాత పదార్థం! రాజమండ్రిలో కాలేజీ రోజుల్లో టిఫిన్ హోటల్ గోడమీది బోర్డు చూసి పట్టుబడిన చదువు అది. ఫ్రీలాన్స్ జర్నలిస్టునయ్యాక మరీ ముదిరింది. చెక్కు ఎప్పుడొస్తుందో చెక్కిచ్చేవాడికే తెలీని ఉద్యోగం కదా మనది!

అటువంటివాణ్ణి పట్టుకుని, 2016లో ఒక యువ హీరోగారు జూబ్లీహిల్స్‌లోని ఓ ఇటాలియన్ రెస్టారెంటుకి రమ్మన్నారు. ఇంటర్వ్యూకి. (హీరోగారి పేరూ, రెస్టారెంటు పేరూ అడక్కండి. చెబితే ఎడిటర్‌గారు ఎలాగూ కొట్టేస్తారు.) ఆయనకది రెండో సినిమా. నాకు అలాంటి చోట అదే మొదటి భోజనం.

లోపలికెళ్తే హోటల్లా లేదు, సెట్టు వేసినట్టుంది. పైనించి వేలాడే బల్బులు, కావాలని సున్నం కొట్టకుండా వదిలేసిన ఇటుక గోడ... మా ఇంటి గోడ కూడా అలాగే ఉండేది గానీ, మేం కావాలని వదల్లేదు! హాలు మధ్యలో, అందరికీ కనబడేట్టు వంటగది. ఆ మూల కట్టెల పొయ్యి. పిజ్జా అందులోకి వెళ్ళిన నిమిషం, నిమిషంన్నరకల్లా బుగ్గలు కాలి బయటికొస్తోంది.

కార్డు కుడివైపు చూశాను. అన్నిటికన్నా తక్కువ రేటున్న దానిమీద వేలు పెట్టి "గ్నోచి" అన్నాను. హీరోగారు నవ్వారు.

"న్యోక్కి, బ్రో! జి పలకదు."

వచ్చింది. ఉడికించిన బంగాళాదుంప, మైదా కలిపి చేసిన బొటనవేలి కణుపంత ముద్దలు, పైన వెన్న. ప్లేటేమో సైకిలు చక్రమంత, ముద్దలేమో పధ్నాలుగు. లెక్కపెట్టాను మరి!

సైకిలంటే గుర్తొచ్చింది. వితోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948) చూశారా? చూడకపోతే ఈ ఆదివారం చూసెయ్యండి. సైకిలు పోగొట్టుకున్న తండ్రి విసుగులో కొడుకుని చెంపమీద కొడతాడు. ఆనక మనసు చివుక్కుమని, జేబు సంగతి చూసుకోకుండా వాణ్ణి హోటల్‌కి తీసుకెళ్తాడు. పక్క బల్ల దగ్గర నున్నగా తల దువ్వుకున్న కలవారి పిల్లాడు తింటుంటాడు. వాడి ప్లేటు వంకా, వాడు పట్టుకున్న ఫోర్కు వంకా చూస్తూ, సాగే జున్ను పెట్టి వేయించిన రొట్టె నవుల్తుంటాడు మన బ్రూనో. ఆ రోజు నేను అచ్చు బ్రూనోనే. తేడా ఏమిటంటే, నా పక్కన మా నాన్న లేడు.

బల్ల దగ్గర లేడు గానీ, మాటల్లోకి వచ్చాడు!

ఎలాగంటారా? సదరు హీరోగారు అంతకుముందు గోదావరి ఒడ్డున నెలరోజులు షూటింగ్ చేసి వచ్చారు. అక్కడి యూనిట్ భోజనం సంగతెత్తి, వండిన పెద్దాయన్ని ఒకటే పొగడ్త. ఏ ఊళ్ళో షూటింగో, ఏ నెలలోనో చెబుతుంటే నా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఆ పెద్దాయన మా నాన్న.

మా నాన్న వంటమేస్త్రి. ముహూర్తాలున్నప్పుడు పెళ్ళిళ్ళకీ, లేనప్పుడు మా వైపు అవుట్‌డోర్‌కి వచ్చే సినిమా యూనిట్లకీ వండేవాడు. తెల్లారగట్ల మూడింటికి గాడిపొయ్యి వెలిగిస్తే, ఏడింటికల్లా రెండొందలమందికి ఇడ్లీ, ఉప్మా, అల్లం పచ్చడి సిద్ధం. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో మంచినీళ్ళ బిందెలు మొయ్యడానికి వెళ్ళి, బిందె అక్కడే పెట్టేసి షూటింగ్ చూస్తూ నిలబడిపోయినవాణ్ణి నేను. ఇవాళ ఈ పేజీల్లో నాలుగు ముక్కలు రాస్తున్నానంటే మూలం ఆ బిందె.

"ఆయన మా నాన్నేనండీ" అని నోటిదాకా వచ్చింది. అంతలో హీరోగారే అడిగారు:

"అన్నట్టు మీ ఫాదర్ ఏం చేస్తారు బ్రో?"

"హోటల్ లైన్లో ఉన్నారు."

"ఓ! హోటలియర్!"

తలూపాను. అబద్ధం కూడా ఆడలేదు చూశారా, ఎంత తెలివో!

గదికొచ్చి ఇంటర్వ్యూ రాస్తూ, ఆ భోజనం మాట కొట్టేశాను. స్థలాభావం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటర్వ్యూ మూడు పేజీలు పడింది. అందులో హీరోగారి జిమ్ము గురించే అరపేజీ.

ఇహ 2023కి వద్దాం. నాన్న శుక్లం ఆపరేషన్ అయ్యాక చెకప్‌కని హైదరాబాద్ వచ్చాడు. అప్పటికి పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. నాకేమో ఒక వెబ్ సిరీస్‌కి డైలాగులు సరిచేసినందుకు చెక్కు వచ్చింది, అదీ చెప్పిన తేదీకే! ఆయన వద్దంటున్నా వినకుండా ఆ రెస్టారెంటుకే తీసుకెళ్ళాను. ఊళ్ళో హోటళ్ళు కరువై కాదు. అక్కడే ఒక బాకీ ఉండిపోయింది.

"చేతులు కడుక్కునేదెక్కడ బాబూ?" అని వెయిటర్ని అడిగాడు రాగానే. తిరిగొచ్చి నేప్‌కిన్ తీసి తువ్వాల్లా భుజాన వేసుకున్నాడు. మెనూ కార్డు ముట్టుకోనేలేదు. కుర్చీ గిర్రున వంటగది వైపు తిప్పేసుకున్నాడు! మనం తెరమీద హీరో ఎంట్రీ కోసం చూస్తామే, అంత ఇదిగా చూస్తున్నాడు. కాసేపటికి నా మోచెయ్యి పొడిచాడు.

"ఒరే, ఆ కుర్రాడు గంజి పారబొయ్యట్లేదురా!"

ఆ వండేది కాచో ఎ పెపె. రోము వంటకం. స్పగెత్తి, పెకొరీనో అనే గొర్రెపాల జున్ను, మిరియాలు... అంతే. నూనె లేదు, క్రీము లేదు. మరి జున్ను ఉండకట్టకుండా పాస్తాకి చిక్కగా ఎలా పట్టుకుంటుందంటే, పాస్తా ఉడికిన నీళ్ళు గరిటెడు పోస్తారు. ఆ నీళ్ళలో దిగిన పిండే రెంటినీ కలుపుతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి. నాన్న దూరం నుంచి చూసి చెప్పేశాడు.

"పొయ్యి మీంచి దించాకనే కలిపాడు చూశావా? మంట మీద కలిపితే విరిగిపోద్ది. మజ్జిగ పులుసు విరిగినట్టే."

అదే తెప్పించాం. మొదటి నోట్లోకే "పలుకు మీద దించాడు" అని తలాడించాడు. ఇటలీవాళ్ళు 'అల్ దెంతే' అంటారు. పంటికి తగలాలని అర్థం. ఈ సంగతి తెలీక మనవాళ్ళు చాలామంది "ఉడకలేదు" అని ప్లేటు వెనక్కి పంపించేస్తారట, వెయిటర్ వాపోయాడు. నాన్న నలభయ్యేళ్ళు పులిహోరకి అన్నం పలుకు మీదే దించాడు. ఆయనకెవరు చెప్పాలి!

చిక్కల్లా ఫోర్కుతో వచ్చింది. స్పగెత్తి చుట్టుకోదు, చుట్టుకున్నా జారిపోతుంది. రెండుసార్లు చూశాడు. మూడోసారి ఫోర్కు పక్కన పెట్టి చేత్తో ఎత్తాడు. ఎదురు బల్ల దగ్గరి అమ్మాయి తల తిప్పి చూసింది. నా చెవులు వేడెక్కాయి. 2016లో కాదు, 2023లో! ఏ బాకీ తీర్చడానికి వచ్చానో, ఆ బల్ల దగ్గరే!

నిజానికి 19వ శతాబ్దంలో నేపుల్స్ వీధుల్లో జనం మాకరోనీని తల పైకెత్తి చేత్తోనే జార్చుకునేవారు. వాళ్ళ ఫోటోలు, పోస్టుకార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. అంతెందుకు, 1954 నాటి 'మిజేరియా ఎ నొబిల్తా'లో హాస్యనటుడు టోటో ఏకంగా బల్లెక్కి, స్పగెత్తి గుప్పిళ్ళతో తింటూ, మిగిలింది కోటు జేబుల్లో కుక్కుకుంటాడు. మన 'మాయాబజార్' (1957)లో ఎస్వీ రంగారావు గారి విందుకి ఇటలీలో అన్నదమ్ముడన్నమాట! ఇవన్నీ తెలిసీ నా చెవులు వేడెక్కాయంటే, తెలియడం వేరు, చెవులు వేరు. ఆ వేడి తగ్గేదాకా కాసిని మంచినీళ్ళు తాగి, నేనూ చేత్తోనే మొదలుపెట్టాను. చొక్కా పాడయింది.

తిన్నాక నాన్న లేచి కట్టెల పొయ్యి దగ్గరికెళ్ళాడు. అక్కడి కుర్రాడికి తెలుగు రాదు, ఈయనకి హిందీ అంతంతమాత్రం. అయినా ఇద్దరూ పది నిమిషాలు చేతులూపుకుంటూ మాట్లాడుకున్నారు. వచ్చి చెప్పాడు: "మావిడి కర్రట. నేనింకా సరుగుడేమో అనుకున్నా. సెగ బావుంది గానీ, పాపం ఆ కుర్రాడికి మొహానికి అడ్డం ఏమీ లేదురా."

తిరమిసు కూడా తిన్నాం. కాఫీలో నానిన బిస్కట్లు, మీద తియ్యని మీగడ. బావుంది. సంగీతం మాత్రం మరీ గట్టిగా పెట్టారు.

"నువ్విదివరకు ఇక్కడికి వచ్చావా?" అన్నాడు ఉన్నట్టుండి.

చెప్పేశాను. హీరోగారి పొగడ్త, హోటల్ లైను, హోటలియరు, కొట్టేసిన వాక్యం... అన్నీ. బల్ల మీద చూపు పెట్టే చెప్పాను.

నాన్న నవ్వాడు. "ఆ అబ్బాయా! రెండోసారి అడగడానికి సిగ్గుపడి అసిస్టెంటు కుర్రాణ్ణి పంపేవాడు గిన్నె ఇచ్చి."

తరవాత కాసేపు ఏం మాట్లాడలేదు. ప్లేటు అంచున మిగిలిన జున్నుని రొట్టెముక్కతో శుభ్రంగా తుడిచి నోట్లో వేసుకున్నాడు.

"అయితే పేపర్లో రాలేదన్నమాట."

"లేదు నాన్నా."

"సర్లే. బిల్లు తెప్పించు. ఆలస్యమైతే ఆటో దొరకదు."

బిల్లు ఎంతో అడిగాడు. చూపించకుండా మడిచేశాను.

నా పాత ఫోనులో ఆ ఇంటర్వ్యూ రికార్డింగు ఇంకా ఉంది. మొన్న చార్జింగు పెట్టి విన్నాను. వెనకాల గిన్నెల చప్పుడు, నా ఫోర్కు చప్పుడు, మధ్యలో హీరోగారి గొంతు. 2016లో అచ్చుకావలసింది ఇది:

"ఈ పాస్తాలూ పిజ్జాలూ సరే బ్రో... అక్కడ మాకు వండిన పెద్దాయన గోంగూర రొయ్యలు తిన్నాక ఇంకేదీ నోటికి ఎక్కట్లేదు. పేరు కనుక్కోలేదు, తప్పయిపోయింది. మీరు రాసేటప్పుడు ఆయన గురించి ఒక ముక్క రాయండి, ప్లీజ్."