27 చుట్ల మోటారు

అరచేతిలో ఇమిడిపోయే మోటారు అది. వ్యాసం 36 మిల్లీమీటర్లు, పొడవు 50. లోపలి ఆర్మేచరుకు మూడు పళ్లు, ఒక్కో పంటికి 22 గేజి రాగి తీగ 27 చుట్లు. ఒక్క చుట్టు తగ్గకూడదు, తీగ లావు మారకూడదు. కార్బన్ బ్రష్షులు కూర్చునే వెనక మూతను 24 డిగ్రీల టైమింగు దగ్గర డబ్బాకు బిగించేసేవాళ్లు. దాన్ని తిప్పడం నిషిద్ధం. అమెరికాలో రేడియో కంట్రోల్ కార్ల పందేలకు నియమాలు రాసేది 1967లో పుట్టిన రోర్ అనే సంస్థ. ఆ నియమాల్లో దీని పేరు స్టాక్ మోటారు. అందరికీ ఒకే మోటారు ఇస్తే గెలుపు నడిపేవాడి చేతిలో ఉంటుందని వాళ్ల ఉద్దేశం.

తొంభైల చివర వైటూకే గడువు తరుముకొస్తుంటే వేలమంది తెలుగు కుర్రాళ్లతో పాటు నేనూ న్యూజెర్సీలో దిగాను. ఎడిసన్‌లో నలుగురం కలిసి అద్దెకున్న అపార్ట్‌మెంటు, ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు, వారమంతా కోబాల్. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మిగతావాళ్లు వీడియో కేసెట్ల కొట్టుకు బయల్దేరితే నేను పనిముట్ల పెట్టె పట్టుకుని హాబీ షాపుకు వెళ్లేవాణ్ని. రూమ్మేటు, పాలకొల్లు వాడు, గుమ్మంలో అడ్డం నిలబడి అడిగేవాడు: "ఎనిమిది నిమిషాల ఆటకి అంత తోముడెందుకు బావా?" ఆ తోముడు గురించే నేను చెప్పాలనుకుంటున్నది. ఆట ఇంకా ఉంది. తోముడు పోయింది.

షాపు వెనక గోదాములాంటి హాలు. నేలంతా బూడిద రంగు కార్పెట్, దాని మీద చెక్క పట్టీలతో గీసిన దారి. గోడల వెంట బల్లలు, బల్లల కింద కరెంటు తీగల చిక్కు. తలుపు తీయగానే అమృతాంజనం సీసా మూత తీసినట్టు ఘాటు వాసన కొట్టేది. స్పాంజి టైర్లకు కార్పెట్ మీద పట్టు రావడానికి రాసే ద్రవాల్లో వింటర్‌గ్రీన్ నూనె ఉండేది. నొప్పుల మందుల్లో వాడేది కూడా అదే కుటుంబపు సరుకు. టైరుకు ఎంత వెడల్పున రాయాలి, ఎంతసేపు నానబెట్టాలి, ముందు టైర్లకు సగం చాలా అన్నవి అక్కడి నిత్య చర్చలు. తర్వాతి కాలంలో చాలా హాళ్లలో ఘాటు ద్రవాలను మాన్పించి వాసన లేనివి తెచ్చారు. ఊపిరి ఆడని శీతాకాలపు హాల్లో అది మంచి నిర్ణయమే. నాకు మాత్రం ఈనాటికీ ఎవరైనా నడుముకు బామ్ రాసుకుంటుంటే కార్పెట్ ట్రాకే గుర్తొస్తుంది.

నాది 1/12 స్కేలు కారు. కార్బన్ ఫైబర్ పలక, దాని మీద నాలుగు సెల్లులు, వెనక ఇరుసు పక్కన మోటారు, పైన పల్చటి పాలీకార్బనేట్ బాడీ. మొత్తం బరువు కిలోకు లోపే. పందెం 8 నిమిషాలు. సెల్లు సామర్థ్యం 1700 మిల్లీ ఆంపియర్ గంటలు అనుకుంటే, 8 నిమిషాలకు సగటున 13 ఆంపియర్ల లోపే వాడుకోవాలి. అంతకు మించి లాగితే ఏడో నిమిషంలో కారు నీరసించి నడక మొదలుపెడుతుంది. దాన్ని 'డంప్' అనేవాళ్లం. ముందు వెళ్తున్నవాడు డంప్ అవుతాడా, వెనక ఉన్నవాడు అందుకుంటాడా అన్నది ఆఖరి నిమిషం నాటకం. ఇప్పటి లిథియం బ్యాటరీ రేసు అయ్యాక కూడా సగం నిండుగా ఉంటుంది. ఆ నాటకానికి చోటు లేదు.

అందుకే గేరు లెక్క ప్రాణం. మోటారు ఒక చుట్టు తిరిగితే కారు నేల మీద ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో అదే రోలవుట్. టైరు చుట్టుకొలతను మోటారు మీది చిన్న గేరు, పినియన్ పళ్లతో గుణించి, ఇరుసు మీది పెద్ద గేరు, స్పర్ పళ్లతో భాగిస్తే వస్తుంది. స్పాంజి టైరు ప్రతి పరుగుకూ అరుగుతుంది, అరిగినకొద్దీ రోలవుట్ తగ్గుతుంది. కాబట్టి ప్రతి హీటుకు, అంటే ప్రతి విడత పందేనికి ముందు వెర్నియర్ కాలిపర్‌తో టైరు కొలవాలి, కాలిక్యులేటర్ తీయాలి, ఒక పన్ను ఎక్కువున్న పినియన్ వేయాలా వద్దా తేల్చుకోవాలి.

ఇక మోటారు. దీని దగ్గర కాసేపు ఆగాలి.

దేశమంతా రేసర్లు తపాలాలో తెప్పించుకునే స్టాక్ మోటార్లలో పేరున్నవి మా ఎడిసన్‌లోనే పుట్టేవి. ఎర్నీ ప్రొవెట్టి పెట్టిన ట్రినిటీ కంపెనీ అక్కడే ఉండేది. అటు కాలిఫోర్నియాలో మైక్ రీడీ పేరుతో వచ్చే మోటార్లు, ఇటు ట్రినిటీవి. మా బల్లల దగ్గర ఈ రెండు పక్షాల మధ్య వాదన ఏ రాత్రీ తెగేది కాదు. రోజూ ఇడ్లీలు తిని కూరగాయలు కొనుక్కునే ఊళ్లో, ఒక షెడ్డులో మనుషులు కూర్చుని ఇవి చేస్తున్నారన్న సంగతి నాకు గొప్పగా ఉండేది. తెనాలిలో మా మేనమామకు వైండింగ్ షాపుండేది. మిక్సీ మోటార్లకు కార్బన్లు మారుస్తుంటే పక్కన కూర్చుని స్ప్రింగులు అందించినవాణ్ని. వార్నిష్ వాసన, కాలిన కాయిల్ వాసన తేడా తెలిసినవాణ్ని. అందుకే ఆ హాల్లో కారు నడపడం కంటే ముందు మోటారు విప్పడం నచ్చింది.

మొదట్లో స్టాక్ మోటారు డబ్బాను విప్పనిచ్చేవాళ్లు కాదు. ఖర్చు తగ్గించడానికి పెట్టిన నియమమే కానీ ఫలితం వేరుగా వచ్చింది. ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండు మోటార్లు కూడా ఒకలా ఉండవు. అయస్కాంతం బలం, మూత బిగింపులో వెంట్రుకవాసి తేడా చాలు. డబ్బున్నవాళ్లు డజను కొని, డైనమోమీటరు మీద పెట్టి, మంచిది ఒకటి ఉంచుకుని మిగతావి అమ్మేసేవాళ్లు. కమ్యూటేటర్ అరిగితే మోటారంతా చెత్తబుట్టలోకి. తర్వాత విప్పుకోగల స్టాక్ మోటార్లను అనుమతించారు. ఆ ఒక్క సడలింపుతో మా బల్లల దగ్గర ఒక చేతిపని మొదలైంది.

కమ్యూటేటర్ అంటే ఇరుసు చివర మూడు రాగి ముక్కలు. వాటిని రెండు కార్బన్లు రాసుకుంటూ పోతాయి. నిప్పురవ్వలు లేస్తాయి, రాగి నల్లబడుతుంది, గుండ్రం చెడుతుంది. గుండ్రం చెడితే కార్బన్ ఎగిరెగిరి పడుతుంది, వేగం పోతుంది. దానికి మందు లేతు. బూటు పెట్టెలో పట్టే బుల్లి లేతు, వజ్రపు మొన ఉన్న కోత పనిముట్టు. ఆర్మేచరును రెండు ఆనికల మీద కూర్చోబెట్టి, చిన్న మోటారుతో బెల్టు తగిలించి తిప్పుతూ, రాగిని అతి పల్చటి పొరగా తీయాలి. తీశాక మూడు ముక్కల మధ్య చీలికల్లో ఇరుక్కున్న రాగి పొడి శుభ్రం చేయాలి. కోసిన ప్రతిసారీ కమ్యూటేటర్ సన్నబడుతుంది కాబట్టి కోత పొదుపుగా ఉండాలి.

మా హాల్లో ఆ పనికి ఒక పెద్దాయన ఉండేవారు. యంత్రాల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన రేసు ఆడడం చూసినవాళ్లు తక్కువ. మూల బల్ల దగ్గర లేతు పెట్టుకుని కూర్చుంటే హీటుకూ హీటుకూ మధ్య వరస కట్టేవాళ్లం. డబ్బు తీసుకునేవారు కాదు. కోయడానికి ముందు కార్బన్లు తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని, వాటి ముఖం చూసేవారు. వైద్యుడు నాలుక చూసినంత శ్రద్ధగా అనడం అతిశయోక్తి కాదు, నిజంగా రోగం తెలిసేది. కార్బన్ ముఖం నీలం తిరిగిందంటే వేడెక్కిపోయింది, గేరు పెద్దదైంది, ఒక పన్ను తగ్గించు. కమ్యూటేటర్ మసిబారిందంటే స్ప్రింగు మెత్తబడింది, కార్బన్ గట్టిగా ఆనడం లేదు. ముఖం ఒక అంచునే మెరిస్తే కార్బన్ గూడు వంకర పోయింది, ముందు దాన్ని సరిచేయి. వెండి కలిసిన కార్బన్లు వేస్తే కారు మూలల్లోంచి దూకుతుంది కానీ రాగిని తినేస్తుందని, కొత్తవాళ్లకు గట్టి కార్బన్లే ఇచ్చేవారు. నేను ఎంత ఆత్రంగా త్రాటిల్ నొక్కానో చూడకుండానే చెప్పిన మొదటి మనిషి ఆయన. ఇంత చదువు కార్బన్ ముక్క మీద రాసి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు, మేనమామ షాపులో కూడా.

కొత్త కార్బన్లు వేశాక వాటి ముఖం కమ్యూటేటర్ వంపుకు ఒదగాలి. దానికి మోటారును తక్కువ వోల్టేజీలో నడపాలి. తొందర ఉన్నవాళ్లు గ్లాసు నీళ్లలో ముంచి తిప్పేవాళ్లు. నీళ్లు నల్లగా మారేవి, తర్వాత ఆరబెట్టి బేరింగులో చుక్క నూనె. నీళ్ల పద్ధతి మోటారుకు మంచిదా చెడ్డదా అన్నది ఆ రోజుల్లో మతాల గొడవంత గట్టిది. నా మొగ్గు నిదానపు పొడి పద్ధతి వైపే.

సెల్లుల లోకం ఇంకోటి. సాన్యో నికెల్ కాడ్మియం సెల్లుల్ని యంత్రం మీద పెట్టి కొలిచి, ఒకే స్వభావం ఉన్నవాటిని జత కట్టి అమ్మేవాళ్లు. ఒక్కో సెల్లు మీద చిన్న చీటీ, దాని మీద ఎన్ని సెకన్లు నడిచింది, సగటు వోల్టేజీ ఎంత, లోపలి నిరోధం ఎంత. జాతకాలు కలిసిన నాలుగు సెల్లుల్ని రాగి పట్టీలతో మనమే టంకం పెట్టుకోవాలి. టంకం ఎక్కువసేపు ఆనితే సెల్లు పాడవుతుంది. పెద్ద మొన ఉన్న కాడతో చటుక్కున పని ముగించాలి. రేసు అయ్యాక మిగిలిన చార్జిని కారు బల్బులు వెలిగించి ఖాళీ చేసేవాళ్లం. రాత్రి చివర్లో అన్ని బల్లల మీదా చిన్న చిన్న బల్బులు వెలుగుతూ ఉండేవి.

గోడకు ఫ్రీక్వెన్సీ బోర్డు. 27 మెగాహెర్ట్జ్‌లో ఆరు రంగులు: గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. 75 మెగాహెర్ట్జ్‌లో 61 నుంచి 90 దాకా నంబర్లు. ఒక్కో దానికి బట్టలు ఆరేసే క్లిప్పు. నీ ఫ్రీక్వెన్సీ క్లిప్పు చొక్కాకు తగిలించుకుంటే తప్ప ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయకూడదు. ఎవరైనా మరిచి ఆన్ చేస్తే ట్రాక్ మీది కారు గోడకు గుద్దుకుంటుంది. ఒకే హీటులో ఇద్దరికీ ఒకే నంబరు పడితే ఒకరు గోళీలంత క్రిస్టల్ జత మార్చుకోవాలి. అవి అరువిచ్చే స్నేహాలుండేవి. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చి ఖాళీ దారి తామే వెతుక్కోవడం నేర్చాక బోర్డూ క్లిప్పులూ గోడ దిగిపోయాయి. దాన్ని గురించి విచారించేవాళ్లెవరూ లేరు, నేను సహా.

పోయినవన్నీ పోవలసినవి కావు, ఉన్నవన్నీ కొత్తవీ కావు. సెటప్ కాగితం ఇంకా ఉంది. కారు బొమ్మ, చుట్టూ ఖాళీ గళ్లు: కాంబర్ ఎన్ని డిగ్రీలు, కాస్టర్ ఎంత, నేలకు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, ముందు స్ప్రింగు ఏది, డాంపరులో సిలికాన్ నూనె ఎంత చిక్కన. అప్పట్లో జిరాక్స్ తీసి, పెన్నుతో నింపి, గెలిచినవాణ్ని బతిమాలి చూసి రాసుకునేవాళ్లం. డిఫరెన్షియల్‌లో బంతులు పెట్టాలన్న ఆలోచన ఇంగ్లండులోని సెసిల్ షూమాకర్‌ది. దాని పలకలను అద్దం మీద సన్న గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసే పని టూరింగ్ కార్లలో పోయింది. అక్కడ నూనె నింపిన గేరు డిఫరెన్షియల్ వచ్చేసింది. 1/12లో బంతులు ఇంకా తిరుగుతున్నాయి.

బ్రష్‌లెస్ మోటారు వచ్చింది 2000ల్లోనే. అయస్కాంతం తిరుగుతుంది, తీగ కదలదు. కార్బన్ లేదు, కమ్యూటేటర్ లేదు, రాసుకునేది బేరింగు ఒక్కటే. రోర్ నియమాల్లో 27 చుట్ల స్థానానికి 17.5 చుట్లు, దాని పై క్లాసులోని 19 చుట్ల స్థానానికి 13.5 వచ్చి కూర్చున్నాయి. కొత్త మోటారు నెలల తరబడి విప్పకుండా పరుగెత్తుతుంది. నేను దాన్ని తప్పు పట్టలేను. స్టాక్ నియమం మొదటి రోజు నుంచి కోరుకున్న సమానత్వం, చవకతనం, ఇంటికి వెళ్లాక నిద్ర, మూడూ దానితోనే వచ్చాయి. అయినా 2010 ప్రాంతంలో స్పీడ్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ద్వారా టైమింగు పెంచే ఎత్తులు మొదలై, వాటిని ఆపడానికి, టైమింగు పెంచడం లేదని చూపేలా కంట్రోలర్ దీపం మిణుకుమిణుకుమనే మోడు తప్పనిసరి చేయాల్సి వచ్చింది. ఆ పోటీ ఇప్పుడు రోటరు మీదికి మళ్లింది. గాస్ మీటరుతో అయస్కాంతం బలం కొలిచి ఏరుకునేవాళ్లున్నారు. తేడా ఏమిటంటే, అరిగినది చేతిలోకి తీసుకుని చూపించి, ఇదిగో ఇక్కడ నీ తప్పు అని చెప్పే వస్తువు లేదు. వేడి కొలిచే తుపాకీ ఒక అంకె చూపిస్తుంది. దాన్ని ఎవరైనా చదవగలరు కాబట్టి దాని కోసం మూల బల్ల దగ్గర ఎవరూ నిలబడరు.

కార్బన్ మోటార్ల పందెం పూర్తిగా లేకుండా పోలేదు. కొన్ని ట్రాకుల్లో టామియా కార్లకు వెండి రంగు డబ్బా 540 మోటారు క్లాసు నడుస్తూనే ఉంది, పిల్లలూ తండ్రులూ కలిసి ఆడతారు, బాగుంటుంది. దాని మూత లోహపు చెవులతో మడిచి మూసేసి ఉంటుంది. విప్పడానికి వీల్లేదు, కార్బన్లు మార్చడానికి వీల్లేదు. అరిగాక ఇంకోటి కొనుక్కోవాలి.