అధిక మాసం ఇచ్చిన సెప్టెంబరు

వర్మాంట్‌లో వానాకాలం లేదు. వాన కావాల్సినంత ఉంది, దానికో కాలమే లేదు. లోయ ఊళ్ళలో నెలకి రెండు నుంచి నాలుగు అంగుళాలు, కొండల మీద ఇంకాస్త ఎక్కువ, ఏడాది పొడవునా. మిరుగు ఎప్పుడొస్తుందా అని మబ్బు వైపు చూసే ఇంట్లో పుట్టినదానికి ఇది మింగుడుపడటానికి టైం పట్టింది. "వానలు తగ్గాక బయల్దేరతా" అనే మాట అక్కడ చెల్లదు. అందుకని లాంగ్ ట్రెయిల్ నడవాలనుకునేవాళ్ళు వాన వెనకాల వచ్చేవాటిని చూసుకుని తేదీ కుదుర్చుకుంటారు. బురద, పురుగు, పొంగే వాగు.

మసాచుసెట్స్ సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా, ఆ చిన్న రాష్ట్రం పొడవునా 272 మైళ్ళు. 1910లో పుట్టిన గ్రీన్ మౌంటెన్ క్లబ్ 1930కల్లా దీన్ని పూర్తిచేసింది. అమెరికాలో దూర నడకల బాటల్లో మొదటిది ఇదే. మామూలు మనుషులకి మూడు నాలుగు వారాలు పడుతుంది. నేను మామూలు మనిషినే. రెండేళ్ళుగా దాచుకున్న సెలవులు ఐదు వారాలకి కాస్త తక్కువ. అందులోంచే ఊరికీ వెళ్ళాలి, నాన్న సంవత్సరీకానికి.

ఏప్రిల్, మే నెలల్ని ముందే కొట్టేశాను. మంచు కరిగే ఆ రోజుల్లో పైమట్టి నీళ్ళు తాగేసి ఉంటుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీరు దిగే దారి లేదు. మే చివరి వారం దాకా దయచేసి పై బాటల్లోకి రావద్దంటుంది క్లబ్బు. బురద తప్పించుకోడానికి ఒక్కొక్కరూ పక్కనున్న మొక్కల మీద అడుగేస్తే బాట వెడల్పయిపోతుంది కదా. అక్కడి మర్యాదేమిటంటే, బురద ఎదురైతే నడిమధ్యలోంచే దిగి నడవాలి. దమ్ము చేసిన మడిలో నాట్లేసినవాళ్ళకి ఈ పాఠం అక్కర్లేదు.

ఆ బురద ఆరేలోపే బ్లాక్ ఫ్లై వస్తుంది. దోమలాగా నిలవనీటిలో పుట్టదు. దీనికి పారే నీరు కావాలి, అదీ చల్లగా, శుభ్రంగా. పిల్లపురుగులు వాగులోని రాళ్ళకి అతుక్కుని, కొట్టుకొచ్చే నీటిలోంచి తిండి వడకట్టుకుంటాయి. అంటే వాగు ఎంత స్వచ్ఛంగా ఉంటే అంత పెద్ద మంద. స్వచ్ఛమైన ప్రకృతి కోసం వెళ్ళేవాళ్ళ మీద ఇంతకంటే పెద్ద జోకు లేదు. పగలే తిరుగుతుంది, గాలి గట్టిగా వీస్తే ఎగరలేదు, ముదురు రంగు బట్టలంటే ప్రీతి. చర్మాన్ని కోసి రక్తం తాగుతుంది. అప్పుడు తెలీదు. సాయంత్రానికి చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో దద్దుర్లు, మూసుకుపోయిన కన్ను. చీకటి పడగానే డ్యూటీ దోమకి అప్పగిస్తుంది.

నిరుడు మే చివర్లో ఒక్కరోజు నడకకి వెళ్ళొచ్చి, అలాంటి మొహంతోనే వీడియో కాల్ చేశాను. నాన్న కంగారుపడలేదు. "ఏ కార్తెలో వస్తయవి?" అనడిగాడు. పత్తికీ మిరపకీ కార్తెలు చూసి బతికిన మనిషి. లెక్కేసి చెప్పాను, కృత్తికలో మొదలై మృగశిరలో పోతాయని.

"అయితే ఆరుద్రలో పో."

"ఆరుద్రలో దోమలు నాన్నా. పునర్వసు వస్తే జోరీగలు."

"మరింకేం, ఉత్తర చూసి ఎత్తర గంప!" అని పకపకా నవ్వాడు. ఉత్తర కార్తెకీ చినుకు లేకపోతే గంప నెత్తినెత్తుకుని ఊరొదిలి పోవాల్సిందేనని మావైపు సామెత. నా గంప వీపు మీద ఉంటుంది, అంతే తేడా. ఆ రాత్రి నోట్‌బుక్‌లో ట్రెయిల్ క్యాలెండరంతా కార్తెల్లో రాసుకున్నాను. ఆశ్చర్యంగా బాగా కుదిరింది. కార్తెలు సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి, ఒక్కోటీ పదమూడు పద్నాలుగు రోజులు. పురుగులూ అంతే, సూర్యుడు నీటిని ఎంత వెచ్చబెట్టాడన్నదే వాటి లెక్క.

పిడుదుల గురించి మాత్రం నాన్నకి చెప్పలేదు. గేదె చెవిలో బఠాణీ గింజంత ఉబ్బిన పిడుదుని లాగి పారేసిన చేతులవి. ఇక్కడి పిడుదు పిల్లదశలో గసగసం అంత ఉంటుంది. జింకలూ ఎలుకలూ తిరిగే చోట గడ్డి అంచున కాచుకుంటుంది. లైమ్ జబ్బు తెచ్చేది అదే. కనెక్టికట్‌లోని ఓ ఊరి పేరే ఆ జబ్బుకి పెట్టారు. పిల్ల పిడుదుల ఉధృతి మే చివర నుంచి జులై దాకా. ముందుజాగ్రత్తగా నడక బట్టల మీద పెర్మెత్రిన్ కొట్టి ఆరబెట్టుకోవాలి. ఒంటికి రాసుకోకూడదు. డబ్బా తిప్పి ఆ పేరు చదివితే ఎక్కడో విన్నట్టే అనిపించింది. నాన్న పత్తికి కొట్టిన సైపర్‌మెత్రిన్‌కి ఇది దగ్గర చుట్టం. ఆయన మొహానికి తువ్వాలు కట్టుకుని కొట్టేవాడు. నేను చేతులకి గ్లవ్స్ వేసుకుని, బాల్కనీలో ప్యాంటు ఆరేసి కొడతాను.

జులైలో పిల్ల పిడుదులు తగ్గుతాయి కదా అనుకుంటే, 2023 జులై 10, 11 తేదీల్లో వర్మాంట్ ఊళ్ళు మునిగాయి. సరిగ్గా ఏడాదికి, 2024లో, అవే తేదీల్లో మళ్ళీ. 2011లో ఐరీన్ తుఫాను శేషం వచ్చిపడింది ఆగస్టు 28న. అంటే ఆగస్టు చివరా సెప్టెంబరూ కూడా భద్రం కాదు. ప్లాన్‌లో ఒకటో రెండో రోజులు ఖాళీగా ఉంచి, వాగు పొంగితే షెల్టర్‌లో కూర్చోవాలి, దాటే ప్రయత్నం చేయకూడదు. అయినా సెప్టెంబరే మేలు. దోమ పలచబడుతుంది, అడవి ఉత్తరం నుంచి ఎర్రబడుతూ దిగివస్తుంది. అందుకే కెనడా వైపు నుంచి మొదలుపెట్టి దక్షిణానికి నడుద్దామనుకున్నాను. ఉత్తర భాగం కష్టమైనది, నిండు బరువుతో ముందే దాన్ని ఎక్కాలి. కానీ అక్కడి చలి ముదరకముందే బయటపడొచ్చు.

నాన్న పోయింది నిరుడు భాద్రపద బహుళ సప్తమినాడు. ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబరు 13. తిథి మామూలుగా ఏడాదికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, ఆ లెక్కన సంవత్సరీకం సెప్టెంబరు మొదట్లోనే రావాలి. వచ్చుంటే నెల విరిగిపోయేది, నడక లేనట్టే. కానీ ఈ ఏడాది అధిక జ్యేష్ఠం. తిథి అక్టోబరు మొదటి వారానికి జరిగింది. తమ్ముడు పంచాంగం ఫొటో పంపితే రెండుసార్లు చూశాను. సెప్టెంబరు 5న మొదలుపెడితే, రోజుకి పన్నెండు మైళ్ళ చొప్పున ఇరవై మూడు రోజులు. ఆ వెంటనే విమానం.

అమ్మకి చెప్పాను. "ఏడాది తిరగకుండా కొండెక్కకూడదే తల్లీ" అంది.

నేను జవాబివ్వలేదు. ఇలాంటి పట్టింపుల మీద మామూలుగా గట్టిగానే వాదిస్తాను. ఈసారి నోరు రాలేదు. ఎందుకంటే 13వ తేదీకి ఎక్కడుంటానో అప్పటికే లెక్క చూసుకున్నాను. తొమ్మిదో రోజు, దాదాపు తొంభయ్యో మైలు. క్యామెల్స్ హంప్, 4,083 అడుగులు, చెట్టు మొలవని బోడి రాతి శిఖరం. దాన్ని తప్పించాలంటే ప్లానంతా తిరగెయ్యాలి. తిరగెయ్యాలని నాకు లేదు. ఆ సంగతి అమ్మకి చెప్పేశాను.

కాసేపు ఫోన్లో ఫ్యాను చప్పుడే వినిపించింది.

"ఆ కొండ మీద గుడుందా?"

"లేదమ్మా. రాయి, గాలి, అంతే."

"గుడి లేకపోతే ఫర్లేదేమో. పంతులుగార్ని అడుగుతా."

రెండు రోజులకి తనే చేసింది. పంతులుగారు ఏమన్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు. పైన చలి ఎంతుంటుందని అడిగింది. రాత్రిళ్ళు అయిదు డిగ్రీలకీ పడొచ్చన్నాను. నాన్న ఉన్ని మఫ్లరు బీరువాలో ఉందట, మా ఊరినుంచి ఆగస్టులో వచ్చేవాళ్ళెవరో ఉన్నారట, వాళ్ళతో పంపిస్తానంది. ముదురు నీలం రంగుది. సెప్టెంబరుకి బ్లాక్ ఫ్లైలు ఉండవు కాబట్టి రంగుతో ఇబ్బంది లేదు.