కారు కింద మరక

వాకిలి కడగడానికి బకెట్టుతో వచ్చిన ఆవిడకి గచ్చు మీద ఐదు రూపాయల బిళ్ళంత తడి మరక కనిపించింది. విజయవాడ పటమటలోని ఆ ఇంటికి కారు వచ్చి అప్పటికి రెండు వారాలు. కారు వచ్చాక వాకిలి కడిగే వేళే మారిపోయింది. ఒంటిపూట బడులు కదా, మాస్టారు ఏడింటికల్లా కారు తీసుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాతే ఆవిడకి గచ్చు ఖాళీ అవుతుంది. రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించి చీపురుతో తోసేసరికి మరక పోయింది. మర్నాడు చూస్తే మళ్ళీ అదే చోట ఉంది.

కొత్త కారేమీ కాదు. పన్నెండేళ్ళు తిరిగిన పెట్రోలు బండి. ఆవిడ సొంత అన్నగారిదే. ఆయన పెద్ద కారు కొనుక్కున్నాక ఇది ఏడాదిపాటు తెనాలిలో రేకుల షెడ్డు కింద ఊరికే ఉంది. 'ఎవరికో అమ్మే బదులు చెల్లెలింట్లో ఉంటుంది కదా' అని లక్షా నలభై వేలకి ఇచ్చారు. మాస్టారు టైర్లు చూశారు, ఏసీ వేసి చూశారు, కాగితాలు చూశారు. కిందకి వంగి మాత్రం చూడలేదు. బావగారి బండి కింద దూరి చూడటమంటే పెళ్ళిచూపుల్లో పిల్లని నడవమన్నట్టు ఉంటుందని మొహమాటపడ్డారు.

అసలు కారు కొన్నదే మాస్టారి తల్లి కోసం. డెబ్భై ఆరేళ్ళ ఆవిడకి శ్రీశైలం మొక్కు ఒకటి ఎప్పటి నుంచో బాకీ ఉంది. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు బస్సులో కూర్చోలేదు. వేసవి సెలవుల్లో కారులో తీసుకెళ్తానని కొడుకు మాటిచ్చారు. రోజులు లెక్కపెట్టుకుంటోంది పెద్దావిడ.

మరక విషయం వీధిలో తెలిసేసరికి వైద్యం మొదలైంది. 'ఏసీ నీళ్ళండీ, ఎండాకాలం కదా' అన్నారు ఎదురింటాయన. 'రేడియేటరు పైపు పోయింది, నాకూ ఇలాగే అయింది' అన్నారు మేడ మీద అద్దెకుండే బ్యాంకు ఉద్యోగి. ఇస్త్రీ బండి అబ్బాయి ఇంజనాయిలు అన్నాడు. ఎవరి బండికి గతంలో ఏ జబ్బు చేసిందో వాళ్ళకి ప్రతి బండిలోనూ ఆ జబ్బే కనిపిస్తుంది. మాస్టారు బ్యాంకు ఉద్యోగి మాట విని, దారిలో ఉన్న మెకానిక్ దగ్గర ఆపారు. అతను బానెట్ ఎత్తి, రేడియేటరు పైపు మార్చి, క్లిప్పు బిగించి, 'అన్నీ చెక్ చేశాను సార్' అని బిల్లు చేతిలో పెట్టాడు. మొత్తం ఎంతో చూసి డబ్బులిచ్చి వచ్చేశారు మాస్టారు.

మర్నాడు ఉదయం మరక అక్కడే ఉంది.

"మా అన్నయ్య బండి కాబట్టి మీకు అలా కనిపిస్తోంది గానీ, అది ఉత్త నీళ్ళేనండీ" అంది ఆవిడ. ఆ మాటకి ఆధారం లేకపోలేదు. "నూనె అయితే చెంబుడు నీళ్ళకి పోతుందా? సబ్బు పెట్టి రుద్దినా జిడ్డు వదలదు. ఇది నీళ్ళు పోయగానే పోతోంది."

మాస్టారు ఫిజికల్ సైన్స్ చెప్తారు. ఆ తర్కంలో ఆయనకీ తప్పు కనిపించలేదు.

తప్పు బయటపెట్టింది వడియాలు. ఒకరోజు మున్సిపాలిటీ నీళ్ళు రాలేదు. ఆవిడ వాకిలి కడగకుండా వదిలేసి, ఎండ పడే మేర పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. పక్కన తీగ మీద దుప్పట్లు ఆరేసింది. పదింటికల్లా దుప్పట్లు గలగలలాడాయి. మధ్యాహ్నానికి వడియాలు పైపైన గట్టిపడ్డాయి. విజయవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఎండలో మరక మాత్రం ఉదయం ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ వేలితో తాకి చూసింది. జారుడుగా ఉంది.

"ఏమండీ, ఇది నీళ్ళు కాదు" అంది సాయంత్రం. తన మాట తనే వెనక్కి తీసుకోవడం ఆవిడకి కష్టంగానే ఉండి ఉంటుంది.

నీళ్ళు పోస్తే పోతుంది, కాబట్టి నూనె కాదు. ఎండకి ఆరదు, కాబట్టి నీళ్ళు కాదు. మరేమిటి? ఈ ప్రశ్నని తొమ్మిదో తరగతి చదివే కూతురు అందిపుచ్చుకుంది. స్కూలు ప్రాజెక్టుకి తెచ్చిన తెల్ల చార్టులు నాలుగు అతికించి, రాత్రి కారు కింద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. చక్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో స్కెచ్ పెన్నుతో గీసింది. అప్పటికి సెలవులు ఇచ్చేశారు. రెండు రోజులు కారు కదల్లేదు, ఏసీ వెయ్యలేదు. మూడో రోజు కారు వీధిలోకి తీసి చార్టు చూస్తే మరక ఉంది. ఏసీ నీళ్ళు ఏసీ నడిచేటప్పుడు, ఆపిన కాసేపటి వరకు పడతాయి గానీ, రెండు రోజులు నిద్రపోయిన బండి నుంచి రావు. ఎదురింటాయన వాదం అక్కడితో వీగిపోయింది.

మరక రంగు పల్చటి టీ డికాక్షన్‌లా ఉంది. అది ఉన్న చోటు చూసి మాస్టారు తికమకపడ్డారు. ఎడమ వైపు వెనక చక్రం లోపలి అంచు కింద ఉంది.

ఇన్నాళ్ళూ అందరూ మరకను కారు వెళ్ళిపోయాకే చూశారు. గోడ వైపు ఉంది కాబట్టి ఇంజను కిందనే అనుకున్నారు. కారు కొన్న కొత్తలో మాస్టారు ముందు భాగం గోడ వైపు పెట్టేవారు. ఉదయం పూట ఆటోలు, స్కూలు బస్సులు తిరిగే వీధిలోకి వెనక్కి తీయాలంటే భయమేసి, వారం తిరక్కుండానే రాత్రిళ్ళు రివర్సులో లోపల పెట్టడం మొదలుపెట్టారు. అంటే గోడ వైపు ఉంటున్నది కారు వెనక భాగం. మార్చిన రేడియేటరు పైపుకి, ఆ మరకకి మధ్య కారంత దూరం ఉంది.

"నాన్నా, వెనక చక్రం దగ్గర ఏ ద్రవం ఉంటుంది?" అని అడిగింది కూతురు.

మాస్టారు జవాబు చెప్పలేదు. బానెట్ ఎత్తారు. కూలెంటు సీసాలో మట్టం మెకానిక్ నింపిన గీత దగ్గరే ఉంది. ఆయిల్ పుల్ల తీసి చూశారు, అదీ సరిగ్గానే ఉంది. డ్రైవరు వైపు మూలన అరచేతిలో పట్టేంత ఇంకో ప్లాస్టిక్ సీసా ఉంది. అందులో ద్రవం కనీస గీత కంటే కిందకి దిగిపోయింది. రంగు పల్చటి టీ డికాక్షన్.

బ్రేక్ ఆయిల్.

పేరుకి ఆయిలే గానీ అది నూనె కాదు. మామూలు కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. నీళ్ళలో ఇట్టే కలిసిపోతాయి. అందుకే రోజూ చెంబుడు నీళ్ళకి సాక్ష్యం చెరిగిపోయింది. ఎండకి తొందరగా ఆరవు. గాలిలో తేమని లాక్కుంటాయి. రంగు మీద పడితే పెయింటు ఊడిపోతుంది. ఇవన్నీ మాస్టారికి తెలియని సంగతులు కావు. పాస్కల్ నియమం చెప్పేటప్పుడు ఇరవై రెండేళ్ళుగా ఆయన నల్లబల్ల మీద గీసే బొమ్మ హైడ్రాలిక్ బ్రేకుదే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకీ సమానంగా చేరుతుందని చెప్పి, 'మూసి ఉన్న' అన్న మాట కింద రెండు గీతలు గీస్తారు కూడా.

ఎర్ర లైటు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర మలుపు తిరిగినప్పుడల్లా డాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం మిణుక్కుమనేది. హ్యాండ్‌బ్రేకు సరిగ్గా దిగలేదేమోనని దాన్ని ఓసారి ఎత్తి దించేవారు. ఈలోగా మలుపు అయిపోయేది, దీపం ఆరిపోయేది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకుకీ, బ్రేక్ ఆయిల్ తగ్గితే హెచ్చరించడానికీ ఒకటే దీపం. మట్టం తగ్గిన సీసాలో ద్రవం మలుపులో ఒక పక్కకి ఒరిగితే లోపలి బెండు కిందకి దిగి దీపం వెలుగుతుంది. కారు చెబుతూనే ఉంది మరి!

శ్రీశైలం ప్రయాణానికి అప్పటికి ఎనిమిది రోజులుంది. దోర్నాల దాటాక నల్లమలలో ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు.

ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా బ్రేకుల పనే చేస్తున్న పెద్దాయనకి ఫోన్ చేస్తే, 'కారు తేవద్దు సార్, నేనే వస్తా' అన్నాడు. స్కూటరు వెనక కుర్రాణ్ణి, పనిముట్ల సంచిని ఎక్కించుకుని వచ్చాడు. బానెట్ జోలికి వెళ్ళలేదు. చార్టు చూసి నవ్వి, ఎడమ వెనక టైరు లోపలి వైపు చెయ్యి పెట్టి తీశాడు. వేళ్ళకి నల్లటి తడి అంటింది. చక్రం విప్పి, సుత్తితో తట్టి తట్టి డ్రమ్ము ఊడదీశారు. లోపల బ్రేక్ షూల పై భాగంలో బొటనవేలంత వీల్ సిలిండరు ఉంది. దాని చివర రబ్బరు తొడుగుని స్క్రూడ్రైవరుతో కొంచెం ఎత్తగానే నిలవున్న ద్రవం బొటబొటా కారింది. పక్కన ఉన్న షూ తడిసి మెరుస్తోంది.

"తొడుగు నిండేదాకా బయటికి రాదు సార్. నిండాక చుక్కలు పడతాయి. అంటే ఇది కారుతూ చాన్నాళ్ళయింది" అన్నాడు. బండి కదలకుండా నిలబడితే తేమ చేరి సిలిండరు లోపల తుప్పు పడుతుందని, ఆ తుప్పు మీద రబ్బరు కప్పులు రాసుకుని అరిగిపోతాయని చెప్పాడు. పెడలు ఈ మధ్య కొంచెం లోపలికి వెళ్తోందా అని అడిగాడు. వెళ్తోంది. పాత బండి కదా, అంతేనేమో అనుకున్నారు మాస్టారు.

"ఇంతకు ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు పోయించారు?"

"మేం పోయించలేదు" అన్నారు మాస్టారు.

ఆవిడ లోపలికి వెళ్ళి అన్నగారు కారుతోపాటు ఇచ్చిన బిల్లుల ఫైలు తెచ్చింది. దాచడానికి ఏముంది అన్నట్టుగానే తెచ్చింది. అరుగు మీద కూర్చుని ఒక్కో కాగితం తిప్పుతూ గట్టిగా చదివింది. ఇంజనాయిలు, ఫిల్టరు, వైపరు, బ్రేక్ ఆయిల్. ఇంకో కాగితం తిప్పింది. పంక్చరు, బ్రేక్ ఆయిల్. రెండింటికీ మధ్య రెండు నెలలు లేవు. రెండో బిల్లు తర్వాత బండి షెడ్డులోకి వెళ్ళింది. చదవడం ఆపేసింది ఆవిడ.

మాస్టారు ఏమీ అనలేదు. ఆయన కళ్ళు ఫైల్లో అన్నిటికంటే పైనున్న కాగితం మీద పడ్డాయి. ఆయన దారిలో ఆగి రేడియేటరు పైపు మార్పించిన నాటి బిల్లు అది. మూడో లైనులో ఉంది, బ్రేక్ ఆయిల్ ఒక సీసా. ఆ మెకానిక్ తగ్గింది చూసి నింపాడే గానీ, ఎటు పోయిందో వెతకలేదు. డబ్బులిచ్చిన మనిషి చదవలేదు.

"ఓనర్లకి ఏం తెలుస్తుందమ్మా" అన్నాడు పెద్దాయన డ్రమ్ములోకి తలదూర్చి. "రాస్తారు, డబ్బులిస్తారు. బ్రేక్ ఆయిల్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ సీసాలో కొంచెం దిగుతుంది, అంతే. అంతకంటే తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే."

వెనక చక్రాలు రెండింటికీ సిలిండర్లు, షూలు మార్చారు. ఒక పక్క పోయిందంటే రెండో పక్క దానికీ వయసు అంతే కదా అని పెద్దాయన లెక్క. పాత ద్రవం మొత్తం తీసేసి కొత్తది పోశాడు. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే అది 140కి దిగినా సరే అంటుంది అదే ప్రమాణం. ఘాట్‌లో అదేపనిగా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడికి పాత ద్రవం మరిగి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుంది గానీ ఒత్తిడిని చక్రం దాకా మోయదు. మాస్టారు డ్రైవరు సీట్లో కూర్చుంటే పెద్దాయన కింద నుంచి 'తొక్కండి... పట్టుకోండి... వదలండి' అంటూ గాలి తీశాడు. సన్నటి గొట్టంలో బుడగలు రావడం ఆగేదాకా కూతురు సీసా పట్టుకుని చూసింది. అన్నీ కలిపి మూడు వేల ఆరువందలు.

ఎనిమిది రోజులూ చార్టు తెల్లగానే ఉంది.

శ్రీశైలం వెళ్ళారు, మొక్కు తీరింది. తిరిగి దిగేటప్పుడు పెద్దాయన చెప్పినట్టే రెండో గేరులో, ఇంజను బిగువు మీద, బ్రేకు అవసరమైన చోటే తొక్కుతూ వచ్చారు మాస్టారు. వెనక సీట్లో ప్రసాదం సంచి ఒళ్ళో పెట్టుకుని తల్లి నిద్రపోయింది. ముందు సీట్లో ఆవిడ మాత్రం దోర్నాల వచ్చేదాకా డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం వైపే చూస్తూ కూర్చుంది.

నాలుగు రోజుల తర్వాత తెనాలి నుంచి ఫోనొచ్చింది.

"కారెలా ఉందే?" అని అడిగారు అన్నగారు.

ఆవిడ ఒక్క క్షణం ఆగి, "బాగుంది అన్నయ్యా" అంది. "నీ కొత్త కారు కింద కూడా ఓసారి చూసుకో. బిల్లులు చదువుతున్నావా?"

అవతల ఏమన్నారో గానీ, ఆవిడ ఫోను పెట్టేసి బకెట్టు తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. నీళ్ళు పోసే ముందు గచ్చు మీదకి వంగి చూసింది.